ఇరుసు లావైనంత మాత్రాన పోటు తగ్గునా?

మరమగ్గములు నడుపు మనవారికి ఇరుసు విరుగుట క్రొత్త సంగతి కాదు. షోలాపురములో గాని, భివండిలో గాని, ఇచల్‌కరంజిలో గాని, సాంచాలు ఆడుచున్న ప్రతిచోట ఈ బాధ ఉన్నదే. పైన తిరుగు క్రాంకు షాఫ్టు విరిగినను, క్రింద తిరుగు బాటమ్ షాఫ్టు విరిగినను, ఆ మగ్గము నిలిచిపోవును. మూడు నాలుగు దినములు నేతగానికి కూలి లేదు. కండెలు చుట్టు ఆడువారికి పని లేదు. ఒప్పుకొన్న తువాళ్ల గడువు దాటిపోవును. జాబర్ వచ్చి విరిగిన ముక్కలను అటు ఇటు త్రిప్పి చూచి చెప్పు మాట ఎల్లప్పుడును ఒక్కటే: "ఇనుము మంచిది కాదు సేటూ, ఈసారి లావు ఇరుసు ఏయిద్దాం." లేతు పనివాడును తల ఊపును. లావు ఇరుసు వచ్చును. కొన్ని నెలలకు అదియును విరుగును. కాని మునుపు విరిగిన చోట కాక, దానికి నాలుగు అంగుళముల అవతల విరుగును.

ఈ వైద్యము చాలసార్లు సగము వైద్యమే. కొన్నిసార్లు రోగమును పెంచు వైద్యము. బరువు మోయు దూలమునకు పనికివచ్చు ఆలోచన, దెబ్బ తిను ఇరుసునకు పనికిరాదు. ఇంజనీర్లు ఇప్పుడు ఇట్టి దెబ్బలను కంప్యూటరులో క్షణక్షణము లెక్కకట్టి చూచుచున్నారు. విమానములకు, మోటారుకార్లకు చేయు ఆ లెక్కను మన మగ్గపు ఇరుసులకును చేయించవలెననియు, ఒక్కొక్క కార్ఖానాదారుడు విడివిడిగా లేతు షాపులో డబ్బు పోయుటకంటె సంఘము ఒక్కసారి అందరి తరఫున చేయించుట మేలనియు నా అభిప్రాయము. ఐతే ఆ లెక్కకు కావలసిన ముడిసరకు ఇంజనీరు వద్ద లేదు. మన కార్ఖానాలలో ఉన్నది. అది మనము ఇయ్యకున్నచో వచ్చునది రంగుల బొమ్మ మాత్రమే. ఈ రెండు మాటలకును కారణములు చెప్పవలసియున్నది.

మగ్గములో ఇరుసుకు తగులు దెబ్బలు ముఖ్యముగా రెండు. ఒకటి దినమంతయు తగులునది. రెండవది తప్పు జరిగినపుడు మాత్రము తగులునది.

మొదటిది నాడెను విసరు దెబ్బ. క్రాంకు షాఫ్టు ఒక చుట్టు తిరిగినచో ఒక పేక పడును. బాటమ్ షాఫ్టు అందులో సగము వేగముతో తిరుగును. దాని రెండు కొనల దగ్గర ఎదురు బదురుగా బిగించిన టాపెట్లు చుట్టుకు ఒక్కొక్కసారి, ఒకటి కుడి నుండి, ఒకటి ఎడమ నుండి, నాడెను విసరును. టాపెట్ ముక్కు నిలువు కడ్డీకి ఉన్న రోలరును తన్నును. ఆ కడ్డీ తలకు బిగించిన పికింగ్ కర్ర గిరుక్కున తిరిగి, తోలుపట్టాతో పికరును లాగును. పికరు నాడెను తన్నును. మనకు కనబడునది నాడె పరుగు. ఇరుసుకు తెలియునది ఆ తన్నుటకు వచ్చిన ఎదురుదెబ్బ.

లెక్క వేసి చూతము. నాడె కండెతో కలిపి 450 గ్రాములనుకొందము. సెకనుకు 12 మీటర్ల వేగముతో పెట్టె విడుచుననుకొందము. దానిలో చేరు శక్తి సుమారు 32 జౌల్స్. (ఈ జౌల్‌కును మన జౌళికిని చుట్టరికము లేదు. 1818లో నూలు మిల్లుల నగరమైన మాంచెస్టరు ప్రక్కనే సాల్ఫర్డులో పుట్టిన శాస్త్రజ్ఞుని పేరది.) ఆ వేగము 20 సెంటీమీటర్ల దూరములో, సెకనులో ముప్పదవ వంతు కాలములో అందవలెను. అనగా ఆ కాస్త సేపు నాడె ఒక్కటియే 970 వాట్లు పుచ్చుకొనుచున్నది. కర్రను, పికరును, కడ్డీని కదిలించుటకు అగు శక్తి దీనిలో చేరలేదు. ఒక హార్సుపవరు అనగా 746 వాట్లే గదా. మోటారు ఒక్కటియే దీనిని ఇయ్యజాలదు. తిరుగుచున్న చక్రములలో నిలువయున్న శక్తి ఇరుసు గుండా వచ్చి నాడెను తోయవలెను. నిమిషమునకు 150 పేకలు వేయు మగ్గములో ఒక్క పేకకు సెకనులో పదింట నాలుగు వంతులు పట్టును. అందులో పండ్రెండవ వంతులో ఈ పని అంతయు ముగియవలెను. ఇరుసు మోయుచున్నది బరువు కాదు, సుత్తి పోటు.

చేమగ్గము మీద నేయువారికి ఈ తేడా నోటితో చెప్పనక్కరలేదు. జాన్ కే 1733లో పేటెంటు పొందిన ఎగురు నాడెను త్రాడుతో లాగు చేయి, ముందు మెల్లగా పట్టు చూచుకొని పిదప విసరును. నాడె బరువు మారినను, పడుగు బిగువు మారినను చేయి తెలిసికొని సర్దుకొనును. మరమగ్గమునకు ఆ చేయి లేదు. టాపెట్ చెక్కడము ఎట్లున్నదో పోటు అట్లే పడును. అరిగినచో ఇంకొకవిధముగా పడును.

రెండవ దెబ్బ మరింత క్రూరమైనది. నాడె వేళకు పెట్టె చేరకున్నచో, దానిని పడుగు నడుమ పెట్టుకొనియే స్లే ముందుకు వచ్చి పన్నె కొట్టినచో, వందల పోగులు తెగును. అది జరుగకుండ స్లే క్రిందనున్న డాగర్ అను ఇనుప నాలుక వెళ్లి చట్టమునకున్న అడ్డుదిమ్మెకు గ్రుద్దుకొనును. మగ్గము ఠక్కుమని నిలిచిపోవును. ఆ శబ్దము కార్ఖానా అంతయు వినబడును. పడుగు బ్రతికినది, మంచిదే. కాని తిరుగుచున్న చక్రమునకు ఆగవలెనని కోరిక లేదు. స్లే ఆగినది, క్రాంకు ఆగినది, ఇరుసు కొననున్న చక్రము మాత్రము ముందుకు పోవలెనని ఇరుసును మెలిపెట్టును. 25 కిలోల రిమ్ము, నడుమ నుండి 20 సెంటీమీటర్ల దూరములో, నిమిషమునకు 150 చుట్లు తిరుగుచుండగా అందులోని శక్తి సుమారు 120 జౌల్స్. అనగా నాడె విసరుటకు కావలసినదానికి ఇంచుమించు నాలుగింతలు. ఇది సెకనులో వందవ వంతుల లెక్కలో ఎక్కడికో పోవలెను. ఎక్కడికి?

అంతయు ఇరుసు మెలికలోనికే పోవుననుకొందము. చక్రమునకును క్రాంకునకును నడుమనున్న ఇరుసు అర మీటరు పొడవు, 38 మిల్లీమీటర్ల లావు అయినచో, దాని పైపొరలో మెలి ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 260 న్యూటన్ల వరకు పోవును. సాధారణపు మెత్తని ఉక్కు ఇంచుమించు 145 వద్దనే లొంగిపోవును. కనుక ఇరుసు విరుగుట ఆశ్చర్యము కాదు. ఇన్నిసార్లు విరుగకుండుటయే ఆశ్చర్యము. అట్లు బ్రతుకుటకు కారణము కొంత శక్తిని బ్రేకు, కొంత బెల్టు జారుట, కొంత దిమ్మె వెనుకనున్న స్ప్రింగు పంచుకొనుచుండుట.

ఇప్పుడు లావు సంగతికి వత్తము. 38 మిల్లీమీటర్ల ఇరుసును 44 చేసినారనుకొందము. నిలుకడగా మెలిపెట్టు బలమైనచో ఒత్తిడి 36 శాతము తగ్గును. లేతు షాపువాడు చెప్పు మాట ఇక్కడ నిజమే. కాని దెబ్బ విషయము వేరు. దెబ్బ ఇంత బలమని ముందుగా నిర్ణయింపబడి రాదు. ఇంత శక్తి అని వచ్చును. దానిని పుచ్చుకొనుటకు ఇరుసు ఎంత మెలిపడిన బలము అంత తగ్గును. లావు ఇరుసు బిరుసు ఇరుసు. అది మెలిపడదు, కనుక బలము పెరుగును. అదే 120 జౌల్స్‌కు లెక్క వేసినచో 38 నుండి 44కు పోయినందువలన ఒత్తిడి తగ్గునది 14 శాతమే. గంజి ఎక్కువైన పడుగు సంగతి మనకు తెలిసినదే. లాగి చూచినచో పోగు బలముగానే ఉండును. మగ్గమెక్కించి పడుగు విచ్చుట మొదలుపెట్టగనే పుటుక్కు పుటుక్కున తెగును. బలము పెరిగినది, సాగు గుణము పోయినది.

ఇంకను వినవలసినది ఉన్నది. మగ్గపు చట్టములోని బేరింగు రంధ్రము 38కి తగినట్లే ఉండును. దానిని ఎవరు మార్తురు? కనుక లేతు పనివాడు నడుము 44 చేసి, కొనలు 38గానే వదలును. సగము పొడవు లావు, సగము పొడవు సన్నము అయిన ఇరుసులో, అదే దెబ్బకు సన్న భాగము మీద పడు ఒత్తిడి, మొత్తము 38గా ఉన్నప్పటికంటె 13 శాతము ఎక్కువ. అర మీటరులో 40 సెంటీమీటర్లు లావై, 10 సెంటీమీటర్లు మాత్రము సన్నముగా మిగిలినచో 24 శాతమునకు పైగా ఎక్కువ. లావైన భాగము మెలిపడక తప్పుకొనును. భారమంతయు సన్న మెడ మీద పడును. డబ్బు ఇచ్చి బలహీనతను కొనుక్కొనుట అనగా ఇదియే. ఆ మెట్టు మూలను లేతు మీద పదునుగా వదలినచో అక్కడ ఒత్తిడి మరల పోగుపడును. టాపెట్ నిలుపుటకు కోసిన కీ వే గాడి ఆ మెట్టు దగ్గరకు వచ్చినచో చెప్పనక్కరలేదు.

వెల్డింగు సంగతి ఇక్కడనే చెప్పి ముగింతును. ఇ.ఎన్.8 వంటి, కర్బనము కాస్త ఎక్కువగానున్న ఉక్కును ముందుగా వెచ్చచేయక అతికినచో, అతుకు ప్రక్కభాగము గట్టిపడి పెళుసెక్కును. దెబ్బ తిను ఇరుసుకు అది పగులు మొలకెత్తు నేల. రెండు దినముల పని ఆదా అగును, సరే. అదే ఇరుసు మరల ఎప్పుడు విరుగునో ఎవరు చెప్పగలరు?

ఒక్క దెబ్బకు విరుగు ఇరుసులు తక్కువ. పెక్కు దెబ్బల అలసటతో విరుగునవే ఎక్కువ. నిమిషమునకు 150 పేకలు, దినమునకు 12 గంటలు అయినచో దినమునకు 1,08,000 పేకలు. పదిదినములైనను నిండకముందే క్రాంకు షాఫ్టు పది లక్షల పోట్లు తినును. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయి నుండి వచ్చుచున్న రైలు ఇంజను ఇరుసు విరిగి పెక్కుమంది ప్రాణములు పోయినవి. ఇట్టి ఇరుసులు మంచి ఇనుముతో చేసినవైనను ఎందుకు విరుగుచున్నవని పిదప అనేకులు వెదకిరి. జర్మనీలో వోలర్ అను రైల్వే ఇంజనీరు 1850, 60 దశకములలో ఇరుసులను యంత్రముల మీద లక్షలకొలది చుట్లు త్రిప్పి, ఒక్కసారి మోయగల బలములో కొంత భాగమైనను, మాటిమాటికి పడినచో ఉక్కు విరుగునని తేల్చెను. "నిన్నటిదాకా బాగానే ఉండె గదా" అను మన మాటకు సమాధానము అక్కడ ఉన్నది. నిన్నటిదాకా పగులు లోపల పెరుగుచుండెను.

ఇక కంప్యూటరు లెక్క ఏమిటో చూతము. దీనిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అందురు. పరిమిత ఖండముల పద్ధతి అని మనము అనుకొనవచ్చును. జకార్డు చద్దరు నేయువారికి దీని మూలసూత్రము సులభముగా బోధపడును. పువ్వును పువ్వుగా మగ్గము నేయలేదు. దానిని గళ్ల కాగితము మీద పెట్టి, ఏ గడిలో పడుగు లేవవలెనో, ఏ గడిలో దిగవలెనో గుర్తించినచో పువ్వు వచ్చును. అట్లే వంకరటింకర ఇరుసు అంతటికి ఒక్క సూత్రము దొరకదు గనుక, దానిని చిన్న చిన్న ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండము ఎంత బరువు, ఎంత బిరుసు, ప్రక్క ఖండముతో ఎక్కడ కలియుచున్నది అని వ్రాసికొని, అన్నిటిని కలిపి కంప్యూటరుచే సాధింపజేయుదురు. గడులు ముతకగా ఉన్నచో పువ్వు అంచు మెట్లు మెట్లుగా వచ్చునట్లు, ఖండములు ముతకగా ఉన్నచో జవాబు మోటుగా వచ్చును. కూరాంట్ అను గణితజ్ఞుడు 1943లో ఇట్టి ఆలోచనను ప్రకటించెను. విమానపు రెక్కల బిరుసు లెక్కించుటకు టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనువారు 1956లో దీనిని ఇంజనీర్ల చేతికి తెచ్చిరి. ఫైనైట్ ఎలిమెంట్ అను పేరు 1960లో క్లఫ్ పెట్టినది. కాలమును కూడ చిన్న చిన్న అంగలుగా విభజించి, దెబ్బ తగిలిన వస్తువు ఎట్లు ఊగునో అంగ వెంబడి అంగ లెక్కించు మార్గములలో ఒకదానిని న్యూమార్క్ 1959లో చూపెను. ఇప్పుడు దీనికి డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేరులు కలవు. కాల్‌క్యులిక్స్, కోడ్ ఆస్టర్ వంటి ఉచితమైనవియును కలవు. మామూలు కంప్యూటరు చాలును.

ఐనను ఈ లెక్క చేయువారిలో చాలమంది చేయు పని ఒకటి నాకు నచ్చదు. ఇరుసు బొమ్మ గీసి, ఒక నిలుకడ బలము పెట్టి, దెబ్బ గదా అని దానిని రెండుతో గుణించి, ఎర్రగా కనబడిన చోట లావు చేయమందురు. హఠాత్తుగా పెట్టి, అట్లే ఉంచిన బరువుకు రెండు రెట్లు అనుట పాఠ్యపుస్తకములో నిజమే. కాని మగ్గపు పోటు పెట్టి ఉంచునది కాదు, వచ్చి పోవునది. అది ఎంతసేపు ఉన్నది, ఇరుసు తనంతట ఒక ఊపు ఊగుటకు ఎంతసేపు పట్టును అను రెండింటి నిష్పత్తిని బట్టి రెట్టింపు దగ్గరకు రావచ్చును, బహు తక్కువయును కావచ్చును. కాలము లెక్కలోనికి రాని లెక్క దెబ్బ లెక్క కాదు.

మరియొక సంగతి. పోటు ఎంత అనునది ఇరుసు ఒక్కదానిని చూచి చెప్పరానిది. 1950 దశకపు తొలి సంవత్సరములలోనే బ్రిటనులోని వస్త్ర శాస్త్రజ్ఞులు గమనించినదేమనగా, టాపెట్ చెక్కడము ప్రకారము నాడె కదలవలసిన తీరు వేరు, నిజముగా కదలు తీరు వేరు. నడుమనున్న తోలుపట్టా, కర్ర, కడ్డీ సాగి వంగి, ముందు వెనుకబడి, పిదప విల్లువలె తోయును. కావున పట్టాకు, కర్రకు ఎంత సాగు గుణమున్నదో లెక్కలో పెట్టక ఇరుసును మాత్రము కోటి ఖండములు చేసినను ప్రయోజనము లేదు. తోలుపట్టా ఎంత సాగునో ఏ ఇంజనీరింగు పుస్తకములో ఉన్నది? దినమూ పట్టా మార్చు జాబర్ చేతిలో ఉన్నది.

ఇరుసు తిరుగుచున్నది గదా, దానిని తిప్పుచు లెక్క చేయుట కష్టము కాదా అని అడుగుదురు. ఇక్కడ మన మగ్గము కొంత దయ చూపినది. టాపెట్ ఇరుసుకే బిగింపబడియున్నది గనుక, పోటు ఎప్పుడు పడినను ఇరుసు మీద అదే ప్రక్కన పడును. ఇరుసుతోపాటు మనమును తిరుగుచు చూచినచో, దెబ్బ ఒకే దిక్కు నుండి వచ్చుచుండును. కనుక ఇరుసును తిప్పక నిలిపి, ఆ ప్రక్కన పోటు పెట్టి లెక్క చేయవచ్చును. నిమిషమునకు 150 చుట్లు వంటి మెల్లని వేగములో, బొంగరము వంటి వేగపు చక్రములలో కలుగు చిక్కులు లెక్కకు రావు. అయితే దయకు వెనుక ఒక కీడు ఉన్నది: ఒకే చోట, ఒకే పొర, కోట్లకొలది సార్లు అదే దెబ్బ తినును. కీ వే గాడి ఆ ప్రక్కకు వచ్చినదా, ఎదుటి ప్రక్కకు వచ్చినదా అనునది ఇరుసు ఆయుష్షును మార్చగలదు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వచ్చినను లెక్క ఖర్చు గిట్టినట్లే. గాడిని వేరొక ప్రక్కకు కోయుటకు లేతు షాపులో అదనపు కూలి లేదు.

షోలాపురపు తువాలు మగ్గమునకు ఇంకొక చిక్కు. మూడు పేకల టెర్రీలో మొదటి రెండు పేకలను పన్నె పూర్తిగా కొట్టక కొంత దూరములో నిలుపును. మూడవదానితో మూటిని కలిపి బలముగా కొట్టును. కనుక పన్నె దెబ్బ మూడు పేకలకు ఒకసారి బరువు. నాడె విసరుట రెండు పేకలకు ఒక చుట్టు. రెండును కలిసి మరల మొదటికి వచ్చుటకు ఆరు పేకలు పట్టును. సాదా బట్ట మగ్గమునకు చేసిన లెక్కను తెచ్చి తువాలు మగ్గమునకు అంటగట్టినచో మూడవ పేక దెబ్బ కనబడకపోవచ్చును. ఈ సంగతి నేతగానికి తెలియును. కాలేజీలో లెక్క చేయు కుర్రవానికి ఎవరైనా చెప్పినగాని తెలియదు.

లెక్క పరిమాణము గురించి ఒక్క మాట. ఉక్కులో దెబ్బ అల సెకనుకు సుమారు 5000 మీటర్లు పోవును. కొన్ని పద్ధతులలో కాలపు అంగ, అల ఒక ఖండమును దాటు కాలమునకు మించరాదు. ఈ నియమము 1928 నాటిది. 2 మిల్లీమీటర్ల ఖండములైనచో సెకనులో ముప్పదవ వంతుకు ఎనుబది వేలకు పైగా అంగలు వేయవలెను. అంత పట్టుదల మొదటనే అక్కరలేదు. ముందు ఇరుసును నలుబది సన్న కడ్డీ ఖండములుగా, చక్రములను బరువులుగా, పట్టాను స్ప్రింగుగా పెట్టి పెద్ద అంగలతో చూచినచో, ఏ దెబ్బ ఎక్కడికి పోవుచున్నదో కొన్ని నిమిషములలో తెలియును. పిదప మెట్టు మూలను, కీ వే గాడిని మాత్రము విడిగా తీసి సన్నని ఖండములతో చూడవలెను. అంతటిని ఒకేసారి సన్నగా కోసి, వారము దినములు కంప్యూటరును త్రిప్పి చూపువాడు గొప్ప పనివాడని నేననుకొనను.

రంగుల బొమ్మ చేతికి వచ్చినపుడు సంఘము వారు అడుగవలసిన ప్రశ్నలు ఉన్నవి. ఖండములను సగము చేసినచో జవాబు మారినదా? పదును మూల వద్ద ఖండములను చిన్నవి చేసినకొలది ఒత్తిడి అంతులేక పెరుగుచునే ఉండును. అది ఇరుసు దోషము కాదు, మూలకు గుండ్రము పెట్టక బొమ్మ గీసినవాని దోషము. లోపలికి వచ్చిన శక్తి, చివర మిగిలిన శక్తి, నడుమ రాపిడిలో పోయినది, మూడును సరిపోయినవా? మన వ్యాపారములో నూలు తూచి బట్ట తూచినట్లే ఇదియును. అన్నిటికంటె ముఖ్యము, ఇరుసు మీద స్ట్రెయిన్ గేజి అంటించి నిజముగా కొలిచి చూచినారా? ఇరుసు అక్షమునకు 45 డిగ్రీల వాలులో అంటించిన చిన్న రేకు ఒక్కటి, మగ్గము ఠక్కున ఆగిన క్షణములో మెలి ఎంతో చెప్పును. ఆ ఒక్క కొలత లేక వచ్చిన ఎర్రని మచ్చను నమ్మి వంద ఇరుసులు చేయించరాదు.

సాంచాల కాలము పోవుచున్నది, రేపియర్ మగ్గములు వచ్చుచున్నవి, ఇప్పుడీ లెక్కలెందుకు అనువారు ఉన్నారు. రేపియర్‌లో నాడె పోటు లేదు, నిజమే. వేగము ఎక్కువ గనుక పన్నె దెబ్బయును, త్రిప్పుట ఆపుటలోని దెబ్బయును ఉన్నవి. పైగా సాదా సాంచా మీద బ్రతుకుచున్న ఇండ్లు మనలో ఇంకను ఉన్నవి. రేపియర్ కొనగలవాడు కొనును. కొనలేనివానికి ఇరుసు నిలుచుటయే పెట్టుబడి.

జాబర్ల అనుభవమును తక్కువ చేయుచున్నానని ఎవరును అనుకొనరాదు. మగ్గము ధ్వని విని బుష్ అరిగినదని చెప్పగల చెవి ఏ కంప్యూటరుకును లేదు. అరిగిన బుష్ సంగతి చిన్నది కూడ కాదు: సందు పెరిగినకొలది ఇరుసు ముందు ఖాళీలో కదలి, పిదప గ్రుద్దుకొనును, తోపు దెబ్బగా మారును. కీ వదులైనను అంతే. ఈ రెండింటిని సరిచూచుటకు ఏ లెక్కయు అక్కరలేదు. కాని "లావు చేయిద్దాము" అను మాట చెవి చెప్పినది కాదు, అలవాటు చెప్పినది.

అలవాటు మాటలలో అన్నిటికంటె ఖరీదైనది వేగము పెంచు మాట. పుల్లీ మార్చి 120 పేకల మగ్గమును 150 చేసినవారు మనలో తక్కువ కాదు. ఉత్పత్తి పావు భాగము పెరుగును. దెబ్బలోని శక్తి వేగపు వర్గమును బట్టి పెరుగును గనుక అది 56 శాతము పెరుగును. బేరము కుదుర్చుకొనునపుడు పావు లాభము ఒక తట్టలో కనబడును. సగమునకు మించిన పోటు రెండవ తట్టలో ఎవరికిని కనబడదు. పుల్లీ మార్చుటకు ముందు ఈ లెక్క అడుగుట నేరమా?

సంఘము చేయవలసిన పని పెద్దది కాదు. మన ఊళ్లలోని ఇంజనీరింగు కాలేజీలలో చివరి సంవత్సరపు విద్యార్థులకు ప్రతి ఏడు ఒక ప్రాజెక్టు కావలెను. ఎక్కడివో పంఖాల ఇరుసులు తీసికొనుటకంటె మన ఇరుసు తీసికొమ్మని అడుగవచ్చును. మగ్గపు రకములు మనలో అనేకము లేవు. ఒక రకమునకు చేసిన లెక్క వందల ఇండ్లకు పనికివచ్చును. మనవారి పిల్లలే ఆ కాలేజీలలో చదువుచున్నారు.

అందుకు మనము ఇయ్యవలసినవి: నిమిషమునకు పేకలు ఎన్ని, నాడె కండెతో కలిపి తూకము ఎంత, ఇరుసు కొలతలు, టాపెట్ బేరింగు నుండి ఎంత దూరములో ఉన్నది, దినమునకు ఎన్నిసార్లు ఠక్కున ఆగుచున్నది. నాడె పెట్టె విడుచు వేగము కొలుచుటకు యంత్రము కొననక్కరలేదు. సెకనుకు 240 బొమ్మలు తీయు చేతిఫోను ఇప్పుడు చాలమంది వద్ద ఉన్నది. పెట్టె ప్రక్కన ఒక స్కేలు పెట్టి తీసినచో, విసరుట అంతయు ఇంచుమించు ఎనిమిది బొమ్మలలో దొరకును. చేయి మాత్రము మగ్గమునకు దూరముగా ఉంచి తీయవలెను.

విరిగిన ముక్కలను పాత ఇనుము బండికి వేయకుడు. విరిగిన ముఖము మీద కథ అంతయు వ్రాసియుండును. నున్నగానున్న భాగములో గవ్వ మీది చారల వంటి చారలు కనబడినచో అది దినదినము పెరిగిన పగులు; గరుకుగా మెరయు భాగము చివరిగా ఒక్కసారి విరిగినది. బడిలో సుద్దముక్కను మెలిపెట్టి విరిచినపుడు ఏటవాలుగా విరుగును గదా, అట్లు ఏటవాలుగా విరిగినదా, కోసినట్లు నిలువుగా విరిగినదా చూచి వ్రాయవలెను. రెండు ముక్కలను ఒకదానితో నొకటి రుద్దక, కొంచెము నూనె రాచి, గుడ్డలో చుట్టి, మగ్గము నంబరు, విరిగిన తేదీ చీటి మీద వ్రాసి కట్టి ఉంచుడు. తుప్పు పట్టిన తరువాత ఆ చారలు కనబడవు.